సర్కారు సొమ్ము ఎవరి బడికి?

ప్రభుత్వ ధనం ఏ బడికి ఎంత చెందాలన్న విషయం మీద మన పత్రికల్లో వ్యాసాలకు కొరత లేదు. అయితే వాటిలో చాలా భాగం రెండు మూసల్లో పోసినవి. ఒక మూసలో ప్రైవేటు బడి అంటే దోపిడి, సర్కారు బడి అంటే పవిత్ర దేవాలయం. రెండవ మూసలో సర్కారు బడి అంటే సోమరితనం, ప్రైవేటు బడి అంటే దక్షత. నేను మొదటి మూసకు చెందినవాణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్తు బడుల్లో తెలుగు చెప్పి బతికినవాణ్ణి కనుక మరో విధంగా ఉండే అవకాశం తక్కువ. ఆ మూసను కొంత పగలగొట్టినవాడు ఏ విద్యావేత్తా కాదు, ఒక లారీ డ్రైవరు.

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రహదారి మీద నార్కెట్‌పల్లి దాటిన తరువాత, నకిరేకల్లు చేరకముందు కట్టంగూరు వస్తుంది. పొద్దున ఏడున్నర వేళ అక్కడ చాయ తాగుతూ నిలబడితే పసుప్పచ్చ బస్సులు ఒకదాని వెనుక ఒకటి చుట్టుపట్ల పల్లెల్లో పిల్లలను ఏరుకొని పోవడం కనిపిస్తుంది. ఒక ఉదయం నేను ఆ బస్సులను చూసి, పక్కనున్న మనిషితో, వీటి వల్లనే కదా మన ఊరి బడులు ఖాళీ అయినవి అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి ఇట్లా అన్నాడు: "సారూ, నేను గూడ పన్ను కడుతున్న గద. డీజిలు పోపిచ్చినప్పుడల్ల కడుతున్న, సబ్బు కొన్నప్పుడల్ల కడుతున్న. సర్కారు బడిల చదివే పోరనికి సర్కారు ఖర్చు పెడ్తది. నా పోరగాండ్లకు రూపాయి పెట్టదు. నా పోరగాండ్లు ఈ సర్కారు పిల్లలు గారా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడానికి కారణం వాదం కష్టమైనది కావడం ఒక్కటే కాదు. ఆ రెండవ కారణాన్ని ఈ వ్యాసంలో తగిన చోట చెబుతాను.

ముందు వాదాన్ని చూద్దాం. డ్రైవరు అడిగినది, ఆయనకు తెలియకపోయినా, ఒక పెద్ద సిద్ధాంతం. సర్కారు బడికి కాక బిడ్డకు డబ్బు ఇవ్వాలి, ఆ డబ్బు బిడ్డ ఏ బడికి పోతే ఆ బడికి పోవాలి అన్న మాటను 1955లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్మన్ ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. 1981లో చిలీ దేశంలో సైనిక ప్రభుత్వం దాన్ని దేశమంతటా అమలు పెట్టింది. బడి గుమ్మంలో కాలు పెట్టిన ప్రతి బిడ్డ తలమీదా సర్కారు రూపాయలు ఉండేటట్టు ఏర్పాటు జరిగింది. చూడడానికి దీనికంటే సమానమైన న్యాయం మరొకటి ఉండదు. కాని ఆచరణలో జరిగిందేమిటి? సర్కారు సొమ్ము పుచ్చుకొనే ప్రైవేటు బడులు పిల్లలను ఏరుకోవడం మొదలుపెట్టాయి. తరువాత సర్కారు సొమ్ము చాలక తల్లిదండ్రుల వద్ద పై డబ్బు వసూలు చేసే అనుమతి కూడా పొందాయి. పై డబ్బు పెట్టగలిగినవాడు ఒక బడికి, పెట్టలేనివాడు మరొక బడికి చేరారు. 2006లోను, 2011లోను ఆ దేశపు విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. చివరకు 2015లో, సర్కారు సొమ్ము తీసుకొనే బడి లాభం తీయరాదని, పిల్లలను ఏరరాదని, పై డబ్బు పుచ్చుకొనే పద్ధతిని క్రమంగా మానుకోవాలని చట్టం చేయవలసి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు పట్టింది ఈ చిన్న సంగతి చట్టంలోకి రావడానికి.

మరి దీన్నిబట్టి ప్రైవేటు బడికి ఒక్క పైసా ఇవ్వరాదని తేల్చేద్దామా అంటే అదీ కుదరదు. నెదర్లాండ్స్ దేశంలో 1917 నుంచి ప్రైవేటు బడికీ ప్రభుత్వ బడికీ రాజ్యాంగం ప్రకారమే సమానంగా డబ్బు ఇస్తున్నారు. అక్కడ మిన్ను విరిగి మీద పడలేదు. అంతదూరం పోనక్కరలేదు; మన తెలంగాణా చరిత్రే ఆ తొందరపాటుకు అడ్డం వస్తుంది.

నిజాం రాజ్యంలో సర్కారు బడి ఉర్దూ బడి. ప్రజల్లో అత్యధికులు తెలుగు మాట్లాడే జిల్లాల్లో, ఆ ప్రజల పన్నులతో నడిచే బడిలో పెద్ద చదువు వాళ్ళ భాషలో లేదు. వాళ్ళ భాషలో చెప్పేవి ఖానగీ బడులు, అంటే ప్రైవేటు బడులు. 1920ల నడుమ వచ్చిన నిబంధనల ప్రకారం సర్కారు అనుమతి లేనిదే అటువంటి బడి తెరవడానికి వీలు లేకపోయింది. సర్కారు సహాయం మాట అటుంచి, తమ సొంత డబ్బుతో తాము బడి పెట్టుకోవడానికే జనం అర్జీలు పట్టుకొని తిరగవలసి వచ్చింది. ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినది మొదలు, ఈ ఖానగీ బడుల నిబంధనలూ మాతృభాషలో చదువూ ఆ ఉద్యమానికి ప్రాణసమస్యలుగా ఉన్నాయి. హైదరాబాదులో నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో స్థాపించిన బాలికల పాఠశాల తెలుగులో చదువు చెప్పింది. ఆ కారణాన ఇక్కడ గుర్తింపు దొరకలేదు. పుణెలో కర్వే పండితుడు నడిపిన మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకొని పిల్లల చేత పరీక్షలు రాయించారు. ఇంటి పక్కనున్న విశ్వవిద్యాలయం కాదన్న ఆడపిల్లలను ఎక్కడో పుణెలో ఉన్నది ఆదరించింది.

కనుక ఈ నేలమీద ప్రైవేటు బడి అనే మాట పుట్టుకతో చెడ్డ మాట కాదు. ఆనాడు సర్కారు బడి కొద్దిమందిది, ఖానగీ బడి ప్రజలది. ఈ సత్యాన్ని నావంటి మొదటి మూసవాళ్ళు ఎప్పుడూ దాటవేస్తారు. బడి ఎవరి పేరున ఉన్నదన్నది కాక, ఆ బడి ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరికి లెక్క చెబుతుంది అన్నదే అసలు కొలత అని నాకు అనిపించడం ఈ చరిత్ర వల్లనే.

ఆ కాలపు చదువును గురించి మాట్లాడుతూ వట్టికోట ఆళ్వారుస్వామిని తలచకుండా ఉండడం నల్లగొండవాడికి సాధ్యం కాదు. 1915లో నకిరేకల్లు దగ్గరి మాధవరంలో పుట్టినవాడు. కట్టంగూరుకు పొరుగువాడే. తండ్రి చిన్ననాడే పోతే, ఉపాధ్యాయుల ఇంట వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. ఆ తరువాత 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగినవాడు, 'ప్రజల మనిషి' రాసినవాడు ఇతడే. అతని జీవితచరిత్ర చెప్పేవాళ్ళు ఈ వంట సంగతిని అతని పట్టుదలకు నిదర్శనంగా చెబుతారు. నాకు మాత్రం అది ఒక ఫీజు రసీదు మాదిరి కనబడుతుంది. అప్పటి రాజ్యం ఆ పిల్లవాడి చదువుకు పెట్టవలసిన ఖర్చు పెట్టలేదు కనుక, పన్నెండేళ్ళవాడో పదమూడేళ్ళవాడో తన చేతులతో వండి ఆ ఖర్చు చెల్లించాడు. వంటచేసి చదువుకోలేక పొయ్యి దగ్గరే ఆగిపోయినవాళ్ళ పేర్లు ఏ గ్రంథమాలలోనూ ఉండవు. మన సాహిత్య విమర్శ గట్టెక్కినవాడినే చూసి మురిసిపోయింది.

ఈ మురిపెం మన సాహిత్యమంతటా ఉన్నది. 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధాన్లు కొడుకు ఇంగ్లీషు చదువుకు అయ్యే ఖర్చును తలచుకొని గుండె బాదుకుంటాడు. అదే మనిషి చిన్నకూతురిని లుబ్ధావధాన్లుకు పద్దెనిమిది వందలకు కుదురుస్తాడు. కొడుకు చదువు ఖర్చు, కూతురు రాబడి. గురజాడ ఒకే పద్దులో ఈ రెంటినీ రాసి చూపించాడు. చదువు ఖర్చు ఇంటిలోపల ఎవరి మెడకు చుట్టుకుంటుందో అంత సూటిగా చూపిన రచన తరువాత మనకు ఎన్ని వచ్చాయి? బతకలేని బడిపంతులు మీద కథలు వచ్చాయి, బీద విద్యార్థి మీద కవితలు వచ్చాయి. గ్రాంటు ఎట్లా వస్తుంది, ఎందుకు ఆగుతుంది, ఆగితే ఎవరు గేటు బయట నిలబడతారు అన్న సంగతి మీద ఒక నవల నాకు తటస్థపడలేదు. గ్రాంటు కాగితం కవిత్వానికి లొంగని వస్తువని మనవాళ్ళ అభిప్రాయం కాబోలు.

గ్రాంటు అనేది ఎక్కడ పుట్టింది? 1854లో ఉడ్ దొరగారి పేరుమీద వచ్చిన విద్యా ప్రణాళిక దాన్ని ఇండియాకు తెచ్చింది. కంపెనీ ప్రభుత్వానికి ఊరూరా బడి పెట్టే ఉద్దేశం గాని, అంత డబ్బు ఖర్చు చేసే మనసు గాని లేదు. స్థానికులో, మిషనరీలో బడి పెడితే కొంత సొమ్ము సహాయంగా ఇస్తామన్నారు. సహాయం అన్న ఆ మాటలోనే కిటుకు ఉన్నది. బాధ్యత నీది, సహాయం నాది. మద్రాసు రాజధానిలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో ఎయిడెడ్ బడులు వేళ్ళూనుకున్నది ఈ పద్ధతి మీదనే. దాతలు భూములు ఇచ్చారు, సర్కారు జీతాలు ఇచ్చింది, తరాలపాటు బీద మధ్యతరగతి పిల్లలు తక్కువ ఫీజుతో చదువుకున్నారు. తరువాత తరువాత ఖాళీ అయిన పోస్టులు నింపకుండా ఉంచడంతో ఆ బడులు ఎండుతూ వచ్చాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థల ఎదుట ఎంపికలు పెట్టింది: ఆస్తులతో సహా సర్కారుకు అప్పగించడం, లేదా గ్రాంటు ఉద్యోగులను సర్కారుకు ఒప్పజెప్పి ప్రైవేటుగా నడుపుకోవడం. రెండవ దారి పట్టిన చోట ఫీజులు పెరుగుతాయని విద్యార్థులు భయపడ్డారు. ఆ నవంబరులో అనంతపురంలో ఒక ఎయిడెడ్ కళాశాల ముందు నిరసనకు దిగిన విద్యార్థుల మీద లాఠీలు లేచాయి. ప్రభుత్వం కొంత వెనక్కు తగ్గి, ఇష్టమైతే పాత పద్ధతిలోనే ఉండవచ్చునన్నది.

ప్రభుత్వ పక్షపు వాదంలో పసలేదని అనను. పిల్లలు లేని ఎయిడెడ్ బడిలో జీతాలు పోస్తూ ఉండడం ఏ న్యాయం? కాని ఒక చేత్తో ఎయిడెడ్ బడి నుంచి గ్రాంటు వెనక్కు లాగుతూనే, అదే ప్రభుత్వం మరో చేత్తో ప్రైవేటు బడికి కొత్త దారిన డబ్బు పంపుతున్నది. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకం కింద ఏడాదికి 15,000 రూపాయలు తల్లి ఖాతాలో వేశారు, బిడ్డ సర్కారు బడిలో చదివినా ప్రైవేటు బడిలో చదివినా. 2025లో వచ్చిన తరువాతి ప్రభుత్వపు తల్లికి వందనం కూడా ఈ విషయంలో తేడా పెట్టలేదు. ఇంటిలో ఎందరు పిల్లలుంటే అందరికీ అన్నది, 15,000లో 2,000 బడుల నిర్వహణకని మినహాయించి తక్కినది ఇచ్చింది. తల్లి చేతికి డబ్బు చేరడం మంచిదే, నేను కాదనను. అయితే ఎయిడెడ్ బడికి ఇచ్చే గ్రాంటుతో పాటు ఒక షరతు ఉండేది: ఇంతకు మించి ఫీజు తీసుకోరాదు, ఇంత అర్హత గల పంతులు ఉండాలి, తనిఖీ అధికారి వస్తే రిజిస్టరు చూపాలి. తల్లి ఖాతా మీదుగా ప్రైవేటు బడికి చేరిన రూపాయి మీద ఏ షరతూ లేదు. సొమ్ము సర్కారుదే, దారిలో దాని నోరు పోయింది.

ఇక మన తెలంగాణాకు వస్తాను. ఇక్కడ దళిత, గిరిజన పిల్లలకు 'బెస్ట్ అవెయిలబుల్ స్కూలు' అనే పథకం ఒకటి ఉన్నది. ఉమ్మడి రాష్ట్రం నాటిది. బీద దళిత, గిరిజన పిల్లలను జిల్లాలో పేరున్న ప్రైవేటు బడిలో చేర్పించి ఫీజు సర్కారు కడుతుంది. పోయివచ్చే పిల్లవాడికి ఏడాదికి 28,000, హాస్టలులో ఉండే పిల్లవాడికి 42,000 రూపాయలు. ఆ పేరును ఒకసారి విమర్శకుడి కంటితో చూడండి. 'అందుబాటులో ఉన్న అత్యుత్తమమైన బడి' అని సర్కారే పేరు పెట్టి, ఆ బడిని ప్రైవేటులో వెతికింది! తన బడి అత్యుత్తమం కాదని ఇంత నిస్సంకోచంగా ఒప్పుకున్న ప్రభుత్వ పత్రం మరొకటి అరుదు. ఎంపిక ఎట్లాగంటారా? లాటరీ. కలెక్టరు కార్యాలయంలో చీటీలు తీస్తారు. నిష్పక్షపాతమే, సందేహం లేదు. చీటీలో పేరు వచ్చిన పిల్లవాడు పట్నం బడికి, రానివాడు ఊరి బడికి. అట్లా మిగిలిన ఆ ఊరి బడిని కూడా ఉత్తమం చేద్దామన్న ఆలోచన ఈ పథకంలో ఎక్కడా లేదు.

ఇంతలో 2025 వచ్చింది. సర్కారు కట్టవలసిన ఫీజులు బకాయి పడి పేరుకుపోయాయి. బకాయి ఇచ్చేదాకా ఈ పిల్లలను రానివ్వమని ప్రైవేటు యాజమాన్యాలు పట్టుబట్టాయి. అనేక జిల్లాల్లో తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని బడి గేట్ల ముందు, కలెక్టరు కార్యాలయాల ముందు కూర్చున్నారు. యాజమాన్యాల మాట: మేము పంతుళ్ళకు జీతాలు ఎక్కడనుంచి తెచ్చి ఇవ్వాలి? సర్కారు మాట: ఇస్తాము, కొంత ఓపిక పట్టండి. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉన్నది. ఆ రెండు నిజాల నడుమ సంచీ భుజాన వేసుకొని నిలబడ్డవాడు మాత్రం చీటీలో అదృష్టం తగిలిన దళిత బాలుడు. ఆ బడిలో ఫీజు కట్టిన పిల్లలు గేటు లోపలికి పోతుండగా, ఎవరు సర్కారు పిల్లలో అందరి ఎదుట తేలిపోయింది. జిల్లా పరిషత్తు బడిలో కూడా గ్రాంట్లు ఆగుతాయి. సుద్దముక్కలు పంతుళ్ళే కొన్న నెలలు నేను ఎరుగుదును. కాని గ్రాంటు రాలేదని ఏ పంతులూ పిల్లవాణ్ణి గేటు దగ్గర ఆపడు. సర్కారు బడికీ, సర్కారు డబ్బిచ్చే బడికీ ఉన్న భేదాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పడం నాకు చేతకాదు.

విద్యాహక్కు చట్టం సంగతి కొంత వేరు. చదువు హక్కు అన్న మాట సుప్రీంకోర్టులో 1993లో ఉన్నికృష్ణన్ కేసులో గట్టిపడింది. విచిత్రమేమంటే అది ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన కేసు, ప్రైవేటు వైద్య, ఇంజనీరింగు కళాశాలలు పుచ్చుకొనే కాపిటేషను ఫీజుల మీద నడిచిన కేసు. ధనవంతుల కళాశాల తగాదాలోనుంచి పద్నాలుగేళ్ళ లోపు బీదవాడి హక్కు బయటపడింది. తరువాత 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం. ఆ చట్టంలోని 12వ సెక్షను ప్రకారం గ్రాంటు లేని ప్రైవేటు బడి కూడా మొదటి తరగతిలో కనీసం నాలుగోవంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. సర్కారు తన బడిలో ఒక్కొక్క బిడ్డకు పెట్టే ఖర్చు గాని, ఆ బడి తీసుకొనే ఫీజు గాని, ఏది తక్కువైతే అది చెల్లిస్తుంది. ఉభయ రాష్ట్రాల్లోనూ ఇది ఏళ్ళ తరబడి కాగితం మీదనే నిలిచిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి కదలిక వచ్చింది. తెలంగాణాలో హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి.

నాలుగోవంతు సీట్లను నేను వ్యతిరేకించను. ధనికుల పిల్లల పక్కన కూలివాని బిడ్డ కూర్చోవడం రెండు పక్షాలకూ చదువే. కాని 'ఒక్కొక్క బిడ్డకు సర్కారు పెట్టే ఖర్చు' అన్న మాటను పట్టుకొని మన మేధావులు చేసే లెక్కను ఒప్పుకోలేను. సర్కారు బడిలో తలకు ఇంత ఖర్చవుతున్నది, ప్రైవేటు బడి అందులో సగానికే చదువు చెబుతున్నది, కాబట్టి ప్రజాధనం వృథా అవుతున్నది - ఈ వాదం మీరు అనేకసార్లు వినే ఉంటారు. దీన్ని ఒక ఊరి బడిలో పెట్టి చూద్దాం. ఇద్దరు పంతుళ్ళు, అరవైమంది పిల్లలు ఉన్నారనుకోండి. బస్సు ఊళ్ళోకి వచ్చింది. మొదటి ఏడు ట్రాక్టరు ఉన్నవాడి పిల్లలు పోయారు, రెండో ఏడు దుకాణం ఉన్నవాడివి, మూడో ఏడు అప్పు పుట్టినవాడివి. మిగిలినవారు పన్నెండుమంది. ఇద్దరు పంతుళ్ళ జీతం మారలేదు. కాని తలకు ఖర్చు అయిదింతలు అయింది! ఏ పంతులూ అదనంగా ఒక్క రూపాయి తినకుండానే ఆ బడి 'ఖరీదైన బడి' అయిపోయింది. అప్పుడు హేతుబద్ధీకరణ అనే అందమైన మాట ఒకటి వస్తుంది. ఒక పంతులును తీసివేస్తారు. ఒక్క పంతులు అయిదు తరగతులు చెప్పే బడికి పిల్లవాణ్ణి ఎవరు పంపుతారు? మిగిలిన పన్నెండుమందిలో ఆరుగురు పోతారు. ఆఖరున ఎవరు మిగులుతారో ఊళ్ళో అందరికీ తెలుసు: తల్లి కూలికి పోయేది, తండ్రి లేనిది, ఆడపిల్ల, చదువు కాస్త నెమ్మదిగా వచ్చేవాడు. సొమ్ము బిడ్డ వెంట పోవాలన్న సిద్ధాంతం కదలగలిగిన బిడ్డను గురించి మాత్రమే ఆలోచించింది. బస్సెక్కలేని బిడ్డ వెంట పోవలసిన సొమ్ము, బస్సెక్కినవాళ్ళు వెళ్ళిన కొద్దీ తరిగిపోతుంది.

పైగా ప్రైవేటు బడి చౌకగా చెబుతున్నదన్న మాటలో ఇంకొక గుట్టు ఉన్నది. ఆ చౌకతనం ఎక్కడ నుంచి వచ్చింది? డిగ్రీ చదివి, బీఈడీ చేసి, సర్కారు నోటిఫికేషను కోసం కాచుకొని ఉన్న అమ్మాయికి ఇచ్చే చాలీచాలని జీతం నుంచి. నా శిష్యురాళ్ళు కొందరు అట్లా పనిచేస్తున్నారు, వేసవి సెలవుల్లో ఆ జీతం కూడా లేదు. మరోవైపు ఈ బడులు చట్టం దృష్టిలో సొసైటీలు, ట్రస్టులు, అంటే లాభం కోసం కానివి. ఆ పేరుమీద ఆదాయపు పన్ను మినహాయింపు పొందుతున్నాయి. మినహాయించిన పన్ను కూడా ప్రజాధనమే. గ్రాంటు తీసుకోవడం లేదు కనుక మమ్మల్ని అడగవద్దు అనేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. ఫీజుల నియంత్రణకు 2017లో తిరుపతిరావు కమిటీ, 2022లో మంత్రివర్గ ఉపసంఘం, ఇట్లా తెలంగాణాలో కూర్చున్న సంఘాల వరుస చిన్నది కాదు.

ఇక్కడితో ఆపితే నా మూసకు నేను న్యాయం చేసినట్టే. కాని సర్కారు తన సొంత బడుల మధ్య చేసే పంపకాన్ని కూడా అడగాలి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా మన నల్లగొండ జిల్లాలోనే, సర్వేలులో, రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాల పుట్టింది. ప్రస్తుతం ఆ ఊరు యాదాద్రి జిల్లాలో చేరింది. పల్లెటూరి బీదవాడికి కూడా శ్రేష్ఠమైన చదువు సర్కారే ఇవ్వగలదని ఆ బడి రుజువు చేసింది. అక్కడ చదివినవాళ్ళు ఉన్నత పదవులకు పోయారు. 2014 తరువాత గురుకులాల సంఖ్య బాగా పెరిగింది. వీటిని చూసి గర్వపడని తెలంగాణావాడు లేడు, నేనూ గర్వపడతాను. అయినా ఒక్క ప్రశ్న: గురుకులంలో చేరాలంటే ప్రవేశ పరీక్ష. పరీక్షలో నెగ్గినవాడు గురుకులానికి పోయిన తరువాత ఊరి బడి తరగతిలో ఎవరు మిగిలారు? బస్సు చేసిన పనినే ఇక్కడ పరీక్ష చేసింది. ఈ ఏరివేతను ప్రైవేటువాడు చేస్తే దోపిడి, సర్కారు చేస్తే సంక్షేమం అనడం విమర్శ కాదు, పక్షపాతం. 2022లో మన ఊరు – మన బడి కింద 26,065 బడులను మూడు విడతల్లో 7,289 కోట్లతో బాగు చేస్తామన్నప్పుడు, ఊరి బడి వంతు వచ్చిందని నేను ఆశపడ్డాను. కొన్ని చోట్ల చక్కటి గదులు లేచాయి. కొన్ని చోట్ల పునాది దగ్గర ఆగిన పని మీద గడ్డి మొలిచింది.

కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది: ఒక పేటలోని పిల్లలందరూ, కలవారివాళ్ళూ లేనివాళ్ళూ, తమ పేటలోని ఒకే బడిలో చదవాలి, జాతీయ ఆదాయంలో నూటికి ఆరు వంతులు చదువుకు పెట్టాలి. ఆరు వంతుల మాటను ప్రతి ఎన్నికల ప్రణాళికా ఎత్తుకున్నది. ఒకే బడి మాటను ఎవరూ ఎత్తుకోలేదు. డబ్బు ఎక్కువ ఇమ్మనడం తేలిక. నీ బిడ్డను నా బిడ్డ పక్కన కూర్చోబెట్టు అనడం కష్టం.

ఈ చోటనే నేను దాచిపెట్టిన రెండవ కారణం చెప్పాలి. నేను సర్కారు బడిలో పాఠం చెబుతూ నా కొడుకును పట్నంలో ప్రైవేటు బడికి పంపినవాణ్ణి. సాయంకాలం సభల్లో మాతృభాషా బోధన మీద ఉపన్యాసం ఇచ్చి, రాత్రి వాడి ఇంగ్లీషు పుస్తకాలకు అట్టలు వేసినవాణ్ణి. భార్య ఒత్తిడి అనీ, చుట్టాల మాట అనీ చాలా కాలం చెప్పుకున్నాను. నిజం అది కాదు. నా బడిలో ఏమి లేదో నాకు అందరికంటే బాగా తెలుసు కనుక పంపాను. ఆ లేనిదాన్ని తెప్పించడానికి అధికారుల చుట్టూ తిరగవలసిన మనిషి, అర్జీ రాయగలిగిన మనిషి, ఊళ్ళో మాట చెల్లే మనిషి నేను. నా కొడుకుతో పాటు నా అవసరం కూడా ఆ బడినుంచి వెళ్ళిపోయింది. సర్కారు సొమ్ము కంటే ముందుగా ఊరి బడిని వదిలిపోయినది ఇటువంటి మనుషుల పట్టింపు. నేను పనిచేసిన చివరి పదేళ్ళలో మా బడి సభకు వచ్చిన తల్లిదండ్రులు సంతకం పెట్టి, కూలికి పొద్దుపోతుందని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ తరఫున అడగగలిగినవాళ్ళ పిల్లలు పసుప్పచ్చ బస్సుల్లో ఉన్నారు.

కనుక ఆ డ్రైవరుకు నేను ఏమి చెప్పగలను? నీ పిల్లలు సర్కారు పిల్లలే, సందేహం లేదు. కాని నీ పన్ను నీ పిల్లల ఫీజుకు కట్టిన అడ్వాన్సు కాదు, ఆ పన్నెండుమంది కూర్చునే గదికి కట్టిన చందా అనవచ్చు. ప్రైవేటు బడికి సర్కారు ఇవ్వదలచుకుంటే ఇవ్వనీ, అయితే ఆ బడి వచ్చిన బిడ్డనల్లా చేర్చుకోవాలి, పై డబ్బు అడగరాదు, పంతులుకు సరైన జీతం ఇవ్వాలి, ఏటేటా లెక్క గోడమీద అంటించాలి అని కూడా చెప్పవచ్చు. హాలండువాడు ఇస్తున్నది దాదాపు ఇటువంటి కట్టుబాట్ల మీదనే. అంతకంటే ముందు, గేటు దాటి పోలేని బిడ్డ బడికి ఇద్దరు పంతుళ్ళు ఉన్న తరువాతనే మిగతా ఏ పంపకమైనా జరగాలని కూడా అనవచ్చు. ఇవన్నీ నేను అనుకున్న మాటలే. ఆ పొద్దున మాత్రం, "మరి మీ పిల్లగాడు ఏడ చదివిండు సారూ?" అని ఆయన అడిగితే ఉన్నమాట చెప్పాను. ఆయన నవ్వలేదు, ఎత్తిపొడవలేదు. చాయ పైసలు మాత్రం నన్ను కట్టనివ్వలేదు.

మొన్న దసరా తరువాత మళ్ళీ అక్కడే కనిపించాడు. బస్సు కిరాయితో సహా ఫీజు పెంచారట, పెద్దవాణ్ణి అక్కడే ఉంచి చిన్నదాన్ని మాన్పించాడట. ఇద్దరిలో చిన్నది ఆడపిల్ల. ఊళ్ళో సర్కారు బడిలో వేద్దామనుకుంటున్నాడు. "మీకు ఎరికున్నోళ్ళు ఉంటరు గద సారూ, ఆడ లెక్కల సారు ఉన్నడో లేడో ఒక్కసారి అడిగి చెప్పుండ్రి" అన్నాడు.